రొట్టె దగ్గర ఆగిపోయిన చెయ్యి

ఈ ఉత్తరం నరసాపురం దగ్గర, వశిష్ఠ గోదావరి గట్టుకు ఆనుకుని ఉన్న ఒక ఊరి నుంచి వచ్చింది. రాసినావిడ వయసు 44. పేరు, ఊరు బయటపెట్టవద్దని కోరారు. మూడు రాత్రులు కూర్చుని తొమ్మిది పేజీలు రాశారట. దాన్ని కుదించి చెబుతాను.

పెళ్లయి 22 ఏళ్లు. భర్త ఇద్దరు అన్నదమ్ముల్లో చిన్నవారు. మామగారు పోయాక పొలం పంచుకున్నారు. వీరి వాటాకు వచ్చిన 60 సెంట్లకీ, బావగారి ఎకరంన్నరకీ మధ్య ఒక్కటే గట్టు. నాలుగేళ్ల కిందట బావగారు తన భాగాన్ని రొయ్యల చెరువు చేశారు. అప్పటి నుంచి ఉప్పు ఊట వీరి చేలోకి దిగుతోంది. దాళ్వాలో పాతిక బస్తాలు పండే చేను పోయిన ఏడాది పది కూడా ఇవ్వలేదు. అడగబోతే తోడికోడలు వీధిలో నిలబడి నానా మాటలూ అంది. ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు. వెళ్లేది మాత్రం ఒకే క్రైస్తవ ప్రార్థన మందిరానికి. స్త్రీల వైపు చాపల మీద రెండు వరుసల తేడాతో కూర్చుంటారు.

ఇంట్లో అత్తగారున్నారు. రెండేళ్ల కిందట పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది, మాట కూడా సరిగా రాదు. చూసుకునేది ఈవిడే. బావగారు మందులకు గానీ డైపర్లకు గానీ రూపాయి ఇవ్వరు. మందిరం శ్లాబుకు మాత్రం లక్ష రూపాయలు ఇచ్చారు, గోడ మీద పలకలో పేరు చెక్కించారు. "ఆ పలక చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండిపోతుంది అక్కయ్యగారూ" అని రాశారు. అత్తగారు జబ్బు పడక ముందే తన నానుతాడు తీసి ఈవిడ చేతికిచ్చి "నన్ను చూసేది నువ్వే" అన్నారట. అది బీరువాలో ఉంది.

మూడు నెలల కిందట ఒక ఆదివారం వాక్యం చెప్పిన పెద్దాయన బైబిల్లో యోహాను మొదటి పత్రిక 4వ అధ్యాయం 20వ వచనం చదివారు. "ఎవడైనను నేను దేవుని ప్రేమించుచున్నానని చెప్పి, తన సహోదరుని ద్వేషించినయెడల అతడు అబద్ధికుడగును, తాను చూచిన తన సహోదరుని ప్రేమింపనివాడు తాను చూడని దేవుని ప్రేమింపలేడు." ఆ పూట, యేసు మరణాన్ని జ్ఞాపకం చేసుకుంటూ అందరూ పంచుకునే రొట్టె పళ్లెం తన దగ్గరికి వచ్చినప్పుడు ఈవిడ తుంచుకోకుండా పక్కావిడకు అందించేశారు. అప్పటి నుంచి పన్నెండు ఆదివారాలు అంతే. అందరూ ఏమైందని అడుగుతున్నారు. "పదో ఏట నుంచి ప్రభువును ప్రేమిస్తున్నాను. అదంతా అబద్ధమేనా? ఆవిడను ప్రేమించడం నా వల్ల కావడం లేదు. వెళ్లి కాళ్లు పట్టుకోవాలా? చేను వదిలేసుకోవాలా? నిద్ర పట్టదు, ఒకటే టెన్షన్." ఇదీ ప్రశ్న.

చివరి పేజీలో, ముగించే ముందు, ఇంకొక మాట ఉంది. "మొన్న శుక్రవారం ఆల్‌నైట్ ప్రేయర్‌కి వెళ్లి తెల్లారి నాలుగున్నరకు వచ్చేసరికి అత్తయ్య తడి పక్క మీదే ఉంది. మా ఆయన చాలా తిట్టారు. దాని గురించి మీరేమీ అనకండి."

అమ్మా, ఏమీ అనవద్దన్నారు కాబట్టి దాని దగ్గరికి ఆఖరున వస్తాను. రాకుండా మాత్రం ఉండలేను. మీరు అడిగిన ప్రశ్నకు జవాబు సగం అక్కడే ఉందని నాకు అనిపించింది.

ముందు రొట్టె సంగతి. 1836లో ఇంగ్లండు నుంచి వచ్చిన బౌడెన్, బీర్ కుటుంబాలు నరసాపురం, పాలకొల్లు వైపు పని మొదలుపెట్టిన కాలం నుంచీ ఈ డెల్టాలోని బ్రదరన్ అనే క్రైస్తవ శాఖ సంఘాల్లో వారం వారం రొట్టె విరుస్తారు. మీ సంఘం కూడా అలాంటిదేనని ఉత్తరాన్ని బట్టి అర్థమైంది. నెలకోసారి బల్ల, అంటే ఈ రొట్టె పంచుకోవడం, ఉండే చోట ఒకసారి మానేస్తే ఎవరి కంటా పడదు. మీ దగ్గర అలా కాదు. పళ్లెం వెంట అందరి కళ్లూ నడుస్తాయి. అలాంటి చోట పన్నెండు వారాలు చెయ్యి వెనక్కి తీసుకోవడం ఎంత కష్టమో నాకు తెలుసు. దేవుడంటే లెక్కలేని మనిషి అంత బాధపడదు.

మీకు భయం వేసింది, "అయోగ్యముగా" ఈ రొట్టె తినేవాడు అపరాధి అవుతాడన్న వచనం గుర్తొచ్చి అయి ఉంటుంది. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 11వ అధ్యాయాన్ని ఆ ఒక్క వచనం దగ్గర కాకుండా 17వ వచనం నుంచి చదవండి. ఆ పత్రిక రాసిన పౌలు కోప్పడింది వణికే చేతుల మీద కాదు. ఆ సంఘంలో కలిగినవాళ్లు ముందే తినేసి, తాగేసి, లేనివాళ్లను ఆకలితో వదిలేశారు. ప్రభువు పేరు మీద కూడుకున్న చోటే పక్కవాళ్లను సిగ్గుపరిచారు. పౌలు అన్న అయోగ్యత అక్కడ పుట్టింది. మరి 28వ వచనం ఏం చెబుతోంది? మనిషి తన్ను తాను పరీక్షించుకోవాలి, ఆలాగు చేసి ఆ రొట్టె తినాలి అంటోంది. పరీక్షించుకుని దూరంగా ఉండమని అక్కడ లేదు. మీరు పన్నెండు వారాలుగా ఆ వచనంలో మొదటి సగం దగ్గరే ఆగిపోయారు.

అలాగని వచ్చే ఆదివారమే తీసుకోండని నేను చెప్పను. తీసుకుంటే "ఏం మారిందని?" అని మీ తోడికోడలు అనుకోవచ్చు, అంతకు ముందు మీ మనసే అనొచ్చు. ఇంకా ఆగితే అసలు సంగతి పక్కకు పోయి మీరు ఆగడమే ఊళ్లో కథ అవుతుంది. ఇప్పటికే అవుతోంది కూడా. ఎవరి వల్ల ఆగారో ఊరికి తెలుసు కాబట్టి, మీరు నోరు విప్పకపోయినా ఆవిడ మీద చాడీ చెప్పినట్టే ఉంటుంది. నా మొగ్గు చెప్పమంటే, ఆవిడ వైపు ఒక్క అడుగు వేశాక తీసుకోండి. ఆవిడ కూడా ఎదురు రావాలని, అంతా చక్కబడాలని చూస్తూ కూర్చోనక్కర్లేదు.

ఇక మిమ్మల్ని పొడిచిన వచనం. అదే పత్రికలో ఒక అధ్యాయం వెనక్కి వెళ్తే, ప్రేమ అంటే తన ఉద్దేశం ఏమిటో యోహాను చెప్పే ఉన్నాడు. బతకడానికి కావలసినంత ఉండి, సహోదరుడికి లేదని కళ్లారా చూసి కూడా కనికరించనివాడిలో దేవుని ప్రేమ ఎలా నిలుస్తుంది అని అడిగాడు. మాటతోను నాలుకతోను కాక క్రియతోను సత్యముతోను ప్రేమిద్దాం అన్నాడు. అక్కడ ఎక్కడా "ఆవిడను చూస్తే మీ గుండె పొంగిపోవాలి" అని లేదు. వీధిలో నలుగురి ముందూ మిమ్మల్ని తిట్టిన మనిషిని చూస్తే గుండె పొంగదు. పొంగనందుకు మీరు అబద్ధికులైపోరు. ముద్దు, మురిపెం, కలుపుగోలుతనం మన చేతిలో ఉండవు. చేతలు మన చేతిలో ఉంటాయి.

కానీ ఆరో పేజీలో మీరు ఇంకొకటి రాశారు. వాళ్ల చెరువుకు వైట్‌స్పాట్ రోగం వచ్చి రొయ్యంతా తేలిపోయిందని తెలిసిన రోజున "నాకు సంతోషం కలిగింది, తర్వాత దొడ్లోకి వెళ్లి ఏడ్చాను" అని. అమ్మా, ఆ సంతోషం గురించే యోహాను మాట్లాడాడు. దాన్ని తేలిక చేసి చెప్పి మిమ్మల్ని ఊరుకోబెట్టలేను. అయితే ఆ ఏడుపును కూడా మర్చిపోకండి. మీ ప్రేమంతా అబద్ధమైతే దొడ్లోకి వెళ్లి ఏడ్చేవారు కాదు.

దేవుణ్ని ప్రేమించడం, మనిషిని ప్రేమించడం ఎందుకిలా ఒకదానికొకటి ముడిపడ్డాయి? యూదుల ధర్మశాస్త్రం చదివిన శాస్త్రి ఒకడు వచ్చి అన్నిటిలోకీ ముఖ్యమైన ఆజ్ఞ ఏదని యేసును అడిగాడు. అడిగింది ఒక్కటే. ఆయన రెండు చెప్పాడు. పూర్ణహృదయంతో దేవుణ్ని ప్రేమించాలనేది ద్వితీయోపదేశకాండం 6వ అధ్యాయంలోది. నిన్ను వలె నీ పొరుగువాణ్ని ప్రేమించాలనేది లేవీయకాండం 19వ అధ్యాయంలోది. రెండూ యూదులకు తెలిసినవే. ఆయన వాటిని పక్కపక్కన పెట్టి, ఒకటి అడిగినవాడికి రెండోది కూడా చేతిలో పెట్టి పంపాడు. రెండింటినీ కలిపి ఒకటి చేయలేదని కూడా గమనించండి. మొదటిది మొదటిదే. మనుషులను చూసుకుంటే చాలు, ప్రార్థన దేనికి అనేవారికి కూడా ఆయన ఊతమివ్వలేదు. ఆయనే మొదట మనలను ప్రేమించాడు గనుక మనం ప్రేమిస్తున్నాం అని యోహాను అంటాడు. మీరు రెండేళ్లుగా ఆ మంచం దగ్గర నిలబడగలిగిన బలం ఎక్కడి నుంచి వచ్చిందో నాకన్నా మీకే బాగా తెలుసు.

మన వైపు మాటల్లో చెప్పాలంటే, ధవళేశ్వరం దగ్గర నీళ్లు నిండుగా ఉన్నాయని శివారు రైతు ఎలా నమ్ముతాడు? తన బోదెలోకి నీరు వస్తే నమ్ముతాడు. 1847 నుంచి 1852 వరకు ఆనకట్ట కట్టించిన కాటన్ దొర గట్టి భక్తిపరుడు. ఆయన ఏమని ప్రార్థించాడో ఇక్కడ ఎవరికీ తెలియదు. కాలువ నీళ్లు మాత్రం అందరికీ తెలుసు. దేవుడి మీద నాకున్న ప్రేమ నిజమో కాదో నేను లోపలికి తొంగిచూసి తేల్చుకోలేను. పదహారో శతాబ్దంలో స్పెయిన్‌లో అవిలా తెరీసా అనే సన్యాసిని తన తోటి సన్యాసినులకు ఇదే చెప్పింది. దేవుణ్ని ప్రేమిస్తున్నామో లేదో మనకు నిశ్చయంగా తెలియదు, పొరుగువారిని ప్రేమిస్తున్నామో లేదో మాత్రం తెలిసిపోతుంది అని.

ఆ లేవీయకాండం 19వ అధ్యాయం గురించి ఇంకొంచెం చెప్పాలి, మీ చేను సంగతి అందులోనే ఉంది. పొరుగువాణ్ని ప్రేమించమన్న మాట 18వ వచనంలో వస్తుంది. దాని చుట్టూ పొలం, కూలి, తూనికల మాటలే ఎక్కువ. కోత కోసేటప్పుడు చేను అంచులు పూర్తిగా కోయకుండా పేదలకు వదలాలి. కూలివాడి కూలి తెల్లవారేదాకా ఉంచుకోకూడదు. చెవిటివాణ్ని తిట్టకూడదు, గుడ్డివాడి దారిలో అడ్డం వేయకూడదు. తప్పుడు తూకం తూచకూడదు. ఇక 18కి సరిగ్గా ముందు, 17లో, సహోదరుడి మీద హృదయంలో పగ పెట్టుకోవద్దని చెప్పి, ఆ వెంటనే పొరుగువాడు తప్పు చేస్తే తప్పకుండా గద్దించమని ఉంది. పగ వద్దు, నోరు మూసుకోవడమూ వద్దు. రెండూ ఒకే వచనంలో ఉన్నాయి. "ప్రేమ ఉంటే చేను సంగతి వదిలేయాలి" అని మీకు చెప్పేవాళ్లుంటారు. ఆ అధ్యాయం మాత్రం అలా చెప్పడం లేదు.

నా అనుభవం ఒకటి చెబుతాను. 1996 నవంబరు 6 రాత్రి తుపాను కోనసీమ మీద పడినప్పుడు నేను అమలాపురం వైపు ఒక ఊళ్లో టీచరుగా ఉన్నాను. మాది పెంకుటిల్లు. పక్కవాళ్లది డాబా. నడిచే బాట విషయంలో మా రెండిళ్లకూ ఆరేళ్లుగా మాటల్లేవు. కొబ్బరిచెట్లు విరిగిపడుతున్న చప్పుడులో ఆ ఇంటావిడ టార్చిలైటు పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చి "పిల్లల్ని ఇలా ఇవ్వండి" అంది. పది రోజులు ఒకే పొయ్యి మీద వండుకుని తిన్నాం. వేసవి వచ్చేసరికి బాట తగువు మళ్లీ మొదలైంది. ఆవిడే మొదలుపెట్టింది. ఆ రాత్రి ప్రేమ నటనేమోనని నేను చాలా ఏళ్లు అనుకున్నాను. ఇప్పుడలా అనుకోను. ఆవిడ మా పిల్లల్ని నిజంగానే కాపాడింది. ఆవిడకు తన బాట కూడా నిజంగానే కావాలి. తగువు తెగలేదు కాబట్టి ప్రేమ లేదనుకోవడం నా తొందరపాటు.

అందుకని మీరు వేయగల ఆ ఒక్క అడుగు ఏమిటో చూద్దాం. బలిపీఠం దగ్గర అర్పణ వదిలి వెళ్లి సమాధానపడమని యేసు చెప్పిన మాట మీకు కంఠతా వచ్చి ఉంటుంది. అందులో ఒక సంగతి మనం దాటిపోతాం. "నీ సహోదరుని మీద నీకు ఏమైనా విరోధం ఉంటే" అని ఆయన అనలేదు. నీ మీద అతనికి ఏమైనా విరోధం ఉందని జ్ఞాపకం వస్తే అన్నాడు. తొమ్మిది పేజీల్లో తోడికోడలి మీద మీకున్నవన్నీ రాశారు. మీ మీద ఆవిడకున్నది ఏమిటి? నాకు కనిపించింది నానుతాడు. ఇద్దరు కోడళ్లున్న ఇంట్లో అత్తగారి బంగారం చాటుగా ఒకరి చేతికి వెళ్లింది. మీరు దొంగిలించలేదు, ఆవిడే ఇచ్చారు, మీరు చాకిరీ చేస్తున్నారు కూడా. అవతలి ఇంటి నుంచి చూస్తే అది వేరేలా ఉంటుంది. వీధిలో ఆ రోజు వచ్చిన తిట్లలో చెరువు మాటలెన్ని, బంగారం మాటలెన్ని? గుర్తుచేసుకోండి.

నానుతాడు ఇచ్చేయమని నేను అనడం లేదు. ఇచ్చేస్తే అత్తగారి మాట కాదన్నట్టవుతుంది, రేపు వైద్యానికి డబ్బు కావాల్సొస్తే మీకున్న ఆధారం పోతుంది. దాచుకుని మాట్లాడకుండా ఉంటే ఆ అనుమానం పెరుగుతూనే ఉంటుంది. మధ్యలో ఒక దారి ఉంది. "అక్కా, అత్తయ్య నానుతాడు నా దగ్గరుంది. ఆవిడ ఉన్నన్నాళ్లు ఆవిడ ఖర్చులకే. తర్వాత మిగిలితే అప్పుడు నలుగురిలో కూర్చుని అనుకుందాం" అని మీరే ముందు చెప్పడం. చెప్పినందుకు ఆవిడ మెత్తబడుతుందని హామీ ఇవ్వలేను. ఇంకో నాలుగు మాటలు అనొచ్చు కూడా. అయినా ఆ విరోధంలో మీ వైపు నుంచి దాచింది ఏమీ మిగలదు. కాళ్లు పట్టుకోవడం కన్నా ఇదే నిజమైన అడుగు అనుకుంటాను.

చేను విషయం దీనితో కలపకండి. ఒకే రోజు ఒకే నోటితో రెండూ మాట్లాడితే మొదటిది రెండోదానికి ఎర వేసినట్టుంటుంది. ముందు మీ ఊరి రైతు సేవా కేంద్రంలో మట్టి ఇచ్చి ఉప్పు ఎంతుందో పరీక్ష చేయించండి. కాగితం చేతిలో ఉంటే అరుపులు తగ్గుతాయి. అప్పుడు మీ ఆయన ఒక్కరే వెళ్లి అన్నగారితో మాట్లాడాలి. మీరు, ఆవిడ లేనప్పుడు. అడగాల్సింది చెరువు పూడ్చమని కాదు. గట్టు వెంబడి ఊట బోదె తవ్వి, ఆ నీరు మీ చేలోకి రాకుండా మురుగు కాలువలోకి పోయేలా చేయమని. అది చెరువును ముంచే ఖర్చు కాదు.

వినకపోతే ఒకరినో ఇద్దరినో వెంట తీసుకువెళ్లమని మత్తయి 18వ అధ్యాయం చెబుతుంది. సంఘ పెద్దలు రావచ్చు, రాకపోనూవచ్చు. శ్లాబుకు లక్ష ఇచ్చిన మనిషిని గట్టిగా అడగడం వాళ్లకూ కష్టమే. అది ముందే తెలుసుకుని వెళ్లండి, లేకపోతే అక్కడ ఇంకో గాయం తగులుతుంది. ఆ తర్వాత మత్స్యశాఖ ఉంది, సోమవారాల్లో కలెక్టరేటులో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదిక ఉంది. 2020లో చేసిన చట్టం ప్రకారం రాష్ట్రంలో ఆక్వా సాగుకు లైసెన్సు ఉండాలి. అర్జీ పెడితే బోదె వరకే ఆగదు, చెరువు అనుమతి మొత్తం బయటికి రావచ్చు, అన్నదమ్ముల మధ్య ఇక ఏదీ మిగలకపోవచ్చు. "విశ్వాసులు కోర్టుకెక్కకూడదు" అని ఎవరో ఒకరు పౌలు మాట అప్పజెబుతారు. ఆ పౌలే అన్యాయం జరుగుతుందనుకున్నప్పుడు రోమా చక్రవర్తి కైసరు దగ్గరే చెప్పుకుంటానన్నాడు. కక్షతో వెళ్లడం, చేను కాపాడుకోవడానికి వెళ్లడం ఒకటి కాదు. మీరు ఏ మనసుతో వెళ్తున్నారో ఆ రోజు మీకే తెలుస్తుంది. వైట్‌స్పాట్ నాటి సంతోషం లాంటిది లోపల కదిలితే ఒక వారం ఆగండి.

ఇంకో దారి ఉందని మీ ఆయన అంటున్నారని రాశారు. మన చేను కూడా అన్నయ్యకే లీజుకిచ్చేస్తే చెరువులో కలిపేసుకుంటాడు, వరి కన్నా ఎక్కువే వస్తుంది అని. డెల్టాలో చాలామంది చివరికి అదే చేశారు, నేను తప్పుపట్టను. ఒక్కటి చూసుకోండి. మీ గట్టు అవతల ఇంకెవరిదో చేను ఉంటుంది. అప్పుడు వాళ్లకు మీరు బావగారవుతారు.

ఇక గోడ మీద పలక. మీ కోపం న్యాయమైనదే. మార్కు 7వ అధ్యాయంలో యేసు ఇలాంటి మనిషి గురించే మాట్లాడాడు. తల్లిదండ్రులకు ఉపయోగపడాల్సినదాన్ని "కొర్బాను", అంటే దేవార్పితం అనేసి, వాళ్లకు ఏమీ చేయకుండా తప్పించుకునేవాళ్ల గురించి. దేవుడికిచ్చానన్న మాటతో అమ్మకు ఇవ్వాల్సింది ఎగ్గొట్టడాన్ని ఆయన భక్తిగా ఒప్పుకోలేదు. మీ బావగారి లక్షకు ఈ మాట తగులుతుంది. మీరు ఆయనకు చెప్పక్కర్లేదు, ఎప్పుడో ఒకరోజు ఎవరో చదువుతారు. చట్టం వైపు వెళ్లాలంటే, 2007 నాటి వృద్ధుల పోషణ చట్టం కింద ఆర్డీవో దగ్గర అర్జీ పెట్టవచ్చు. అత్తగారు స్వయంగా వెళ్లలేరు కాబట్టి ఆవిడ అధికారమిచ్చిన మనిషి పెట్టవచ్చు. డబ్బు రావచ్చు, కొడుకు రాకపోవచ్చు. అంతకన్నా ముందు ఇంకొకటి కనుక్కోండి. ఆవిడకు వస్తున్నది 4 వేల వృద్ధాప్య పింఛనేనా? పక్షవాతంతో మంచానికే పరిమితమైనవారికి 2024 నుంచి నెలకు 15 వేలు చేశారు. డాక్టర్లు పరీక్షించి ధ్రువీకరించాలి. మీ ఊరి సచివాలయంలో అడగండి.

కొర్బాను మాట అక్కడితో ఆగితే బాగుండేది. ఆగదమ్మా. శుక్రవారం రాత్రి దాకా వస్తుంది. దేవుడికని ఇచ్చిన ఆ రాత్రి, నోరు తిరగని ఒక ముసలావిడకు చెందినది. మంచాన పడినవాళ్లను రెండు గంటలకోసారి ఒత్తిగిలించాలి, లేకపోతే పుండ్లు పడతాయి. ఆవిడ ఆ రాత్రంతా ఒకే వైపు, తడిలో ఉన్నారు. యోహాను "తాను చూచిన" సహోదరుడు అన్నాడు. మీరు రోజూ చూస్తున్నది ఎవరిని? తోడికోడలు రెండు వరుసల అవతల ఉంటుంది. ఈవిడ మీ ఇంట్లోనే, మీ చేతుల్లోనే ఉన్నారు.

ఇది మీ మీద నేరంలా వేయడానికి చెప్పడం లేదు. రెండేళ్లలో 700 రాత్రులకు పైగా మీరు లేచి చూశారు. ఒక్క రాత్రి తప్పింది. ఆ ప్రార్థన మీకు ఊపిరి తీసుకునే ఒకే ఒక్క చోటని కూడా ఉత్తరంలో ప్రతి పేజీలోనూ కనిపిస్తోంది. పైగా ఆ రాత్రి మీ ఆయన ఇంట్లోనే ఉన్నారు కదా? ఆవిడ ఆయన తల్లి. మిమ్మల్ని తిట్టినాయన అర్ధరాత్రి ఒకసారి లేచి పక్క మార్చవచ్చు. అత్తగారి సేవ అంటే కోడలి పని అని మనమంతా అనుకుని ఊరుకున్నాం. యేసు సిలువ మీద నుంచి తన తల్లి బాధ్యతను అప్పగించింది ఏ కోడలికీ కాదు, తాను ప్రేమించిన శిష్యుడికి, ఒక మగవాడికి. తడి గుడ్డ మార్చడం ఆయనకు కూడా నేర్పండి. కొడుకు కాబట్టి మొహమాటపడతారు, మొదటి వారం సణుగుతారు. ఆవిడ కూడా సిగ్గుపడవచ్చు, అప్పుడు కనీసం ఒత్తిగిలించి మంచినీళ్లు పట్టడం ఆయన వంతు.

ప్రార్థన మానేయమని నేను అనను. మానేస్తే ఆరు నెలల్లో మీరు ఎండిపోతారు, ఆ ఎండు చేతులు ఆవిడకే తగులుతాయి. మీ ఆయన లేస్తానని మాట ఇచ్చిన రాత్రి వెళ్లండి. లేదా పది గంటలకు వెళ్లి పన్నెండుకు వచ్చేయండి, ఆరాధన సగంలో లేచినందుకు దేవుడు నొచ్చుకోడు. స్త్రీల కూడికను నెలకోసారి మీ ఇంట్లోనే పెట్టమని అడగడం ఇంకో దారి. అందరూ వస్తే ఇంటి వాసన, మంచం, మీ అవస్థ బయటపడతాయి, మీకది ఇబ్బందే. తోడికోడలు రాకపోతే అదొక మాట, వస్తే అదొక మాట అవుతుంది. కానీ వచ్చినవాళ్లలో ఒక్కరు "శుక్రవారం నేను కూర్చుంటాను, నువ్వు వెళ్లు" అన్నా మీకు అది చాలా పెద్ద సాయం.

ఇంకొకటి అడగాలని ఉంది. మీరు పన్నెండు వారాలుగా రొట్టె లేకుండా ఉన్నారు. మీ అత్తగారు ఆ సంఘంలో బాప్తిస్మం తీసుకుని 50 ఏళ్లయిందని రాశారు. పక్షవాతం వచ్చిన ఈ రెండేళ్లలో ఆవిడకు ఎవరైనా రొట్టె తెచ్చారా? ఉత్తరంలో ఆ ఊసే లేదు. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక ఇంటికి రమ్మని పెద్దలను అడగండి. బావగారికీ, తోడికోడలికీ కబురు మాత్రం పంపండి, బతిమాలవద్దు. ఎవరు వచ్చినా రాకపోయినా ఆ మంచం పక్కన మీరూ తీసుకోండి. పక్షవాతం వచ్చినవాళ్లకు మింగడం కష్టంగా ఉండవచ్చు, ఆవిడ ఇప్పుడు ఎలా మింగుతున్నారో డాక్టరుగారిని ఒకసారి అడగండి. చిన్న ముక్క తుంచి, ద్రాక్షరసంలో బాగా తడిపి, వీపు వెనక దిళ్లు పెట్టి కూర్చోబెట్టి పెట్టండి. పడుకోబెట్టి పెడితే పొలమారుతుంది.